నీళ్ళ కోసం నడిచిన మనిషి

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, బాబాసాహెబ్ అంబేడ్కర్ గారి జీవితం రాస్తానని చెప్పాను. అటునుంచి కాసేపు మాట లేదు. అది ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు కదన్నా అని ఒకడు మెల్లగా అన్నాడు. నిజమే. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఇదే సంచికలో నేనే రాశాను. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చదివిన డిగ్రీలు, రాజ్యాంగం, మరణం. పేజీ నిండింది, వార్డెన్ సార్ మెచ్చుకున్నారు. ఇప్పుడు మళ్ళీ రాయాలనిపించడానికి ఒక కారణం ఉంది.

పోయిన మార్చి 22న, ప్రపంచ నీటి దినోత్సవం రోజున, మా క్యాంపస్ దగ్గర నీళ్ళ కోసం నడక అని ఒక కార్యక్రమం పెట్టారు. స్వచ్ఛమైన నీరు అందరికీ సమానంగా అందడం లేదని జనానికి తెలియజెప్పాలి, చందాలు పోగుచేసి ఒక పల్లెలో నీళ్ళ ఫిల్టర్ పెట్టించాలి. అదీ ఉద్దేశం. అయిదు కిలోమీటర్లు. తలా ఒక నీలం టీషర్టు ఇచ్చారు. నేనూ నడిచాను. మంచి పనే, వెక్కిరించడానికి రాయడం లేదు. దారి పొడవునా బల్లలు వేసి నీళ్ళ సీసాలు పంచారు. చివర్లో సభ జరిగింది. మాట్లాడిన పెద్దలు వానలు తగ్గిపోతున్నాయన్నారు, బోర్లు ఎండిపోతున్నాయన్నారు, నీటిని పొదుపు చేయమన్నారు. నీళ్ళు నిండుగా ఉన్నచోట కూడా కొందరికి ఎందుకు అందవన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకు తెలియక కాదేమో, ఎండలో నడిచొచ్చిన పిల్లల ముందు ఎందుకులే అనుకుని ఉంటారు.

అంతకు సరిగ్గా రెండు రోజుల ముందు మార్చి 20 వచ్చి వెళ్ళిపోయింది. 1927లో ఆ తేదీన కొంకణ ప్రాంతంలోని మహద్ అనే చిన్న పట్నంలో కొన్ని వేలమంది నీళ్ళ కోసం నడిచారు. ముందు నడిచిన మనిషి అంబేడ్కర్. ఆ రాత్రి గదికి వచ్చి టీషర్టు మడత పెడుతూ ఆయన జీవితాన్ని మళ్ళీ మొదటినుంచి తలచుకున్నాను. ఎక్కడ ముట్టుకున్నా నీళ్ళే తగిలాయి.

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మధ్యభారతంలోని మౌ సైనిక శిబిరంలో పుట్టాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనికుల బడిలో పాఠాలు చెప్పినవాడు. తల్లి భీమాబాయి. పద్నాలుగు మంది సంతానంలో ఈయనే చివరివాడు. మహర్ కులం. సొంతవూరు రత్నగిరి జిల్లాలోని అంబవడే. తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం సతారాకు చేరింది, అక్కడే తల్లి చనిపోయింది. మేనత్త మీరాబాయి పిల్లల్ని సాకింది.

సతారా బడిలో ఆయన మిగతా పిల్లలతో కలిసి కూర్చోకూడదు. ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చోవాలి, సాయంత్రం దాన్ని చుట్టుకుని పోవాలి. బడి ఊడ్చేవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోరు. దాహం వేస్తే కుళాయి దగ్గరికి వెళ్ళి తిప్పుకోకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనో, పైనుంచి పోస్తేనో తాగాలి. ప్యూను రాని రోజు నీళ్ళు లేవు. చదువులో ఎంత ముందున్నా ఈ ఏర్పాటు మారలేదు.

మన హాస్టల్లో ఎండాకాలం మోటారు కాలిపోయినప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, రోడ్డవతల పొలం బోరు దగ్గర బకెట్లు వరుసలో పెట్టడం మనందరికీ గుర్తే. బకెట్ మీద పేరు రాయకపోతే మాయమయ్యేది. అదీ కష్టమే, కానీ ఆ బోరుమీద ఎవరి చెయ్యి పడినా నీళ్ళు వచ్చేవి. ఈ తేడాను మనం చిన్నప్పుడు గమనించలేదు. మా నాయనమ్మ గమనించింది. నేను ఎండాకాలం కష్టాలు చెబుతుంటే ఒకసారి తన చిన్ననాటి దిగుడుబావి సంగతి చెప్పింది. తమ వాడవాళ్ళు మెట్లు దిగకూడదు. పైన ఒడ్డుమీద కడవ పెట్టుకుని నిలబడాలి. ఎవరికైనా దయ కలిగితే తోడి పైనుంచి పోసేవారు. ఒక్కోరోజు పొద్దెక్కేదాకా ఎవరికీ కలిగేది కాదు.

మళ్ళీ సతారాకు వస్తాను. 1901లో జరిగిన ఒక ప్రయాణం గురించి అంబేడ్కర్ తర్వాత తానే రాసుకున్నారు. అప్పటికాయన తొమ్మిదేళ్ళ వాడు. తండ్రి అదే జిల్లా ఖటావ్ తాలూకాలో క్యాషియరుగా పనిచేస్తున్నాడు. కరువులో జనం చచ్చిపోతుంటే వాళ్ళకు కూలి దొరికేలా ప్రభుత్వం అక్కడ ఒక చెరువు తవ్విస్తోంది. ఆ చెరువు పనిలో ఉద్యోగం. వేసవి సెలవులకు పిల్లల్ని రమ్మన్నాడు. కొత్త చొక్కాలు, మెరుపుల టోపీలు, పట్టు అంచు ధోవతులు వేసుకుని, అన్నతోపాటు ఇంటి పిల్లలంతా సంబరంగా రైలెక్కారు. దిగిన స్టేషన్లో తండ్రి లేడు, మనిషినీ పంపలేదు. వీళ్ళు వస్తున్నట్టు రాసిన ఉత్తరం ఆయన చేతికి అందనే లేదు. బట్టలు చూసి పెద్ద కులం పిల్లలనుకున్న స్టేషన్ మాస్టరు ఆప్యాయంగా పలకరించాడు. మహర్లమని నోరుజారి చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది.

బండివాళ్ళు ఎవరూ రామన్నారు. చివరికి రెండింతలు బాడుగ ఇస్తామంటే ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. చీకటి పడింది. డబ్బాలో తిండి ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. బండివాడు చూపించిన చోట ఉన్నది బురద, పశువుల పేడా మూత్రమూ కలిసి కంపు కొడుతున్న నీళ్ళు. నోట పెట్టలేక వచ్చేశారు. అర్ధరాత్రి దారిలో సుంకం వసూలు చేసే గుడిసె దగ్గర ఆగారు. ముస్లింలమని చెబితే నీళ్ళు దొరకవచ్చని బండివాడు సలహా ఇచ్చాడు. అలాగే చెప్పారు. అయినా దొరకలేదు. ముందున్న తిండి ముట్టకుండా ఆకలితోనే పడుకున్నారు. నీళ్ళు లేకుండా అన్నం గొంతు దిగదని మనకు తెలియనిది కాదు. తండ్రి తవ్విస్తున్నది చెరువు. ఆయన దగ్గరికి వెళ్ళే దారిలో కొడుకులకు గుక్కెడు నీళ్ళు పుట్టలేదు.

చదువుల సంగతి మీకు కంఠతా వచ్చు కాబట్టి త్వరగా దాటేస్తాను. 1907లో మెట్రిక్, 1912లో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ నుంచి బి.ఎ., 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయం, 1916లో లండన్. స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ప్యూన్లు ఫైళ్ళను బల్లమీదికి విసిరేవారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరయ్యారు. ప్రొఫెసర్ల గదిలో ఉండే నీళ్ళ కూజాను ఆయన వాడటానికి తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. సతారా కుళాయి నుంచి న్యూయార్క్, లండన్ తిరిగొస్తే ఎదురైంది ఈ కూజా. మనలో చాలామందికి చదువైతే చాలు అన్నీ వాటంతటవే సర్దుకుంటాయన్న నమ్మకం ఉంటుంది. మా ఇంట్లో మొదట డిగ్రీ చేతపట్టుకున్నవాణ్ణి నేను, నాకూ ఉండేది. చదువు వదలమని చెప్పడం లేదు. ఆయన కూడా వదల్లేదు. మళ్ళీ లండన్ వెళ్ళి 1923లో డి.ఎస్సీ. పూర్తిచేసి, బారిస్టరై వచ్చారు.

వచ్చిన మరుసటి ఏడు, 1924 జూలైలో, బహిష్కృత హితకారిణి సభ స్థాపించారు. ఆ సభ చేసిన తొలి పనుల్లో ఒకటి 1925లో షోలాపూర్‌లో హైస్కూలు పిల్లలకు హాస్టల్ తెరవడం. ఇది మన సంచికలో ఇంతవరకు ఎవరూ రాయలేదనుకుంటా. ఉద్యమం అనగానే జెండాలు గుర్తొస్తాయి మనకు. ఆయనకు మొదట గుర్తొచ్చింది పిల్లలకు పడుకునే చోటు, వేళకు అన్నం.

ఇక మహద్. ఆ నడక అకస్మాత్తుగా పుట్టలేదు, దాని వెనక ఒక కాగితం ఉంది. 1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే అనే సంస్కర్త ఒక తీర్మానం పెట్టి నెగ్గించారు. ప్రజాధనంతో కట్టి నడిపే బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు అస్పృశ్యులకూ తెరవాలని దాని సారాంశం. మరుసటి నెలలోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని అనుసరించి 1924 జనవరిలో మహద్ మునిసిపాలిటీ తమ ఊరి చౌదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. మరాఠీలో ఆ పేరుకు రుచిగల నీళ్ళ చెరువని అర్థం, మన చవి అనే మాటకు దగ్గరగా ఉంటుంది. కాగితం మీద అంతా అయిపోయింది. మూడేళ్ళు గడిచినా ఒక్క అస్పృశ్యుడూ ఆ నీళ్ళు ముట్టలేదు. ముస్లింలు, క్రైస్తవులు వాడుకోవచ్చు, పశువులు దిగి తాగవచ్చు, వీళ్ళు మాత్రం తాగితే తంతారు. కొంకణంలో వానలకు కొరత లేదు. ఆ చెరువుకు సొంత ఊటలు కూడా ఉన్నాయి. మా సభలో పెద్దలు చెప్పిన వానల లెక్క అక్కడ ఎందుకూ పనికిరాదు.

మహద్‌కు దగ్గరలోని దాస్‌గావ్‌కు చెందిన రామచంద్ర బాబాజీ మోరే అనే యువకుడు, మరికొందరు స్థానికులు కలిసి అక్కడ కొలాబా జిల్లా బహిష్కృతుల మహాసభ పెట్టాలని పట్టుబట్టారు. 1927 మార్చి 19, 20 తేదీలు. అంబేడ్కర్ అధ్యక్షుడు. ఆయనకప్పుడు 36వ ఏడు నడుస్తోంది. పదిహేనేళ్ళ పిల్లల నుంచి డెబ్బై ఏళ్ళ ముసలివాళ్ళ దాకా, రొట్టెల మూటలు భుజాన వేసుకుని ఎక్కడెక్కడి నుంచో కాలినడకన వచ్చారు. సైన్యంలో పనిచేసి రిటైరైనవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. ఊరి చెరువు నిండుగా ఉండగానే, సభకు వచ్చినవాళ్ళు తాగడానికి 40 రూపాయలు పోసి సవర్ణుల దగ్గర నీళ్ళు కొన్నారు. 1927లో 40 రూపాయలంటే చిన్న మొత్తం కాదు. మా నడకలో దారిపొడవునా ఉచితంగా పంచిన సీసాలు నాకు ఇక్కడే గుర్తొచ్చాయి.

మొదటిరోజు ప్రసంగంలో ఆయన ప్రభుత్వాన్ని తిట్టడం కంటే తనవాళ్ళను అడగడమే ఎక్కువ చేశారు. చచ్చిన పశువు మాంసం మానమన్నారు, పారేసిన మెతుకులకు చెయ్యి చాపవద్దన్నారు, పిల్లలు మనకంటే మెరుగ్గా బతకాలంటే బడికి పంపమన్నారు. రెండోరోజు పొద్దున తీర్మానాలు అయ్యాయి, సభ ముగించాలి. వందన సమర్పణకు లేచిన అనంతరావు చిత్రే, చెరువు దగ్గరికి వెళ్ళి హక్కు వాడుకుందామని ప్రతిపాదించారు. ఈ చిత్రే సవర్ణుడే. ఆ మునిసిపాలిటీ నాయకుడు సురేంద్రనాథ్ టిప్నిస్ కూడా. వీళ్ళ పేర్లు కూడా మనం గుర్తుంచుకోవాలి.

నలుగురు చొప్పున వరుసలు కట్టారు. అరుపులూ తోపులాటలూ లేకుండా మహద్ బజారు వీధుల్లోంచి ఆ వరుసలు కదిలాయి. చెరువు ఒడ్డుకు చేరాక అంబేడ్కర్ కిందికి దిగి, దోసిలితో నీళ్ళు తీసుకుని తాగారు. ఆయన వెనుక వచ్చినవాళ్ళూ తాగారు. అందరూ అదే వరుసలో పందిరికి తిరిగి వచ్చారు. అంతే జరిగింది. ఒక పెద్దమనిషి, కొలంబియాలోనూ లండన్‌లోనూ చదివొచ్చిన బారిస్టరు, మునిసిపాలిటీ చెరువులో గుక్కెడు నీళ్ళు తాగడం. చట్టం ప్రకారం అందులో కొత్త ఏమీ లేదు. మూడేళ్ళ క్రితమే అనుమతించిన పని.

రెండు గంటలు తిరక్కుండానే ఊళ్ళో పుకారు లేచింది. వీళ్ళు వీరేశ్వరుడి గుళ్ళోకి కూడా దూరబోతున్నారని. అప్పటికి చాలామంది ఊళ్ళకు బయల్దేరారు. కొందరు మూటలు కట్టుకుంటున్నారు, కొందరు తిరుగు ప్రయాణానికి ముందు నాలుగు మెతుకులు తింటున్నారు. కర్రలతో మూక పందిరి మీద పడింది. అన్నం మట్టిలో కలిపారు, గిన్నెలు విరగ్గొట్టారు. ఆడవాళ్ళనూ పిల్లల్నీ వదల్లేదు. బయట దారుల్లో ఒంటరిగా దొరికినవాళ్ళను కొట్టారు. కొందరు ముస్లింల ఇళ్ళలో దాక్కుని బతికారు. అంబేడ్కర్ బస చేసింది ప్రయాణికుల బంగళాలో. ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని వీధిలోకి వెళ్ళి, గుడిలోకి వెళ్ళే ఆలోచన తమకు లేదని ఆ మూకకే చెప్పి చూశారు. ఇటు బంగళా దగ్గర పోగైన మనవాళ్ళలో మాజీ సైనికులు పళ్ళు కొరుకుతున్నారు. ఒక్క సైగ చేస్తే చాలు, ఆ రోజు మహద్‌లో రక్తం పారేది. ఆయన ఆ సైగ చేయలేదు. దెబ్బలు తిన్నవాళ్ళను ఆసుపత్రికి పంపించి, కేసులు పెట్టించారు. తర్వాత కోర్టు కొందరికి జైలుశిక్షలు వేసింది.

ఊరి పెద్దలు చెరువును శుద్ధి చేశారు. 108 కుండల నీళ్ళు తోడి పోసి, పాలూ పెరుగూ ఆవుపేడా ఆవుమూత్రమూ అందులో కలిపారు, మంత్రాలు చదివారు. ఆ తర్వాత ఆ నీళ్ళు తాగడానికి మళ్ళీ పనికొచ్చాయట. తొమ్మిదేళ్ళప్పుడు ఆకలితో ఉన్న పిల్లవాడు పేడా మూత్రమూ కలిసిన నీళ్ళు నోట పెట్టలేక పస్తు పడుకున్నాడని పైన రాశాను. ఇంతకంటే దీనిమీద నేను రాయగలిగింది లేదు.

ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తనే రద్దు చేసుకుంది. ఆయన మళ్ళీ వస్తానన్నారు. డిసెంబరు 25 నుంచి రెండో సభ. ఈసారి మహద్‌లో స్థలం ఇచ్చేవాళ్ళు లేరు, ఫత్తేఖాన్ అనే ముస్లిం తన జాగా ఇచ్చాడు. బొంబాయి నుంచి అంబేడ్కర్, సహచరులు స్టీమరులో సముద్రం మీదుగా దాస్‌గావ్ చేరి, అక్కడినుంచి అయిదు మైళ్ళు నడిచి మహద్ వచ్చారు. అప్పటికే ఊరి సవర్ణులు సివిల్ కోర్టుకెళ్ళి, చెరువు తమ సొంతమని దావా వేసి, తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు తెచ్చుకున్నారు. 25 రాత్రి మనుస్మృతిని దహనం చేశారు. ఆ తీర్మానం పెట్టిన సహస్రబుద్ధే బ్రాహ్మణుడు. ఇక చెరువు మాట. జైలుకైనా సిద్ధమని వేలమంది ముందుకొచ్చారు. జిల్లా కలెక్టరు స్వయంగా సభకొచ్చి ఆగమని కోరాడు. అంబేడ్కర్ ఆలోచించి, చర్చలు జరిపి, కోర్టు తేల్చేదాకా సత్యాగ్రహం వాయిదా వేద్దామని సభను ఒప్పించారు. 27న ఊరేగింపుగా చెరువు దాకా వెళ్ళి, దాని చుట్టూ తిరిగి, నీళ్ళు ముట్టకుండా వచ్చేశారు.

డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ మిద్దె మీద దీనిమీద మేం గొంతులు పోయేదాకా వాదించుకున్నాం. అంతమందిని కూడగట్టి, చివరి నిమిషంలో కోర్టు కాగితానికి భయపడ్డారా? నేను ఆ పక్షానే మాట్లాడేవాణ్ణి. వెనక్కి తగ్గారనే నా వాదన. ఇప్పుడు అలా అనలేను. వచ్చినవాళ్ళు తిరిగి తమ ఊళ్ళకే పోవాలి, అక్కడ వాళ్ళు పిడికెడు మంది. మార్చిలో తలలు పగిలింది వాళ్ళవే. కాగితం మీదైనా తమ వైపున్న ప్రభుత్వంతో తలపడితే, ఎదుటివాళ్ళకే లాభం. ఆ చెరువు ఎవరిదో ఒకసారి కోర్టు తేల్చిందంటే, అది మహద్ ఒక్కదానితో పోదు, ఆ తీర్పును ప్రతి ఊరూ వాడుకోవచ్చు. ఇవి ఆయన లెక్కలని నా ఊహ. అయినా, చెరువు ఒడ్డుదాకా పోయి, వంగి దోసిలి పట్టకుండా తిరిగొచ్చిన ఆ వేలమంది ఆ సాయంత్రం ఎలా ఉన్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

కేసు సాగింది. 1931 జూన్‌లో మహద్ కోర్టు అంబేడ్కర్ పక్షానికి తీర్పు చెప్పింది. ఎదుటివాళ్ళు ఠాణే కోర్టుకు అప్పీలు చేశారు, 1933 జనవరిలో అక్కడా ఓడారు. బొంబాయి హైకోర్టుకు వెళ్ళారు. చెరువు మునిసిపాలిటీదేనని అప్పటికే తేలింది కనుక, అస్పృశ్యుల్ని రానివ్వకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమనే వాదనే మిగిలింది. ఆ ఆచారం అనాదిదని వాళ్ళు రుజువు చేయలేకపోయారని 1937 మార్చి 17న హైకోర్టు అప్పీలు కొట్టేసింది. ఆ నడకకు పదేళ్ళు నిండటానికి మూడు రోజులు తక్కువ. ఆ పదేళ్ళలో ఆయన లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశాలకు మూడుసార్లు వెళ్ళారు, పూనా ఒడంబడిక మీద సంతకం పెట్టారు, 1935లో భార్య రమాబాయిని పోగొట్టుకున్నారు. మధ్యలో ఈ చెరువు కేసును మాత్రం వదల్లేదు.

ఆ మధ్యకాలంలోనే, 1934లో, మన నిజాం రాజ్యంలో కూడా ఆయనకు నీళ్ళ దగ్గర అవమానం జరిగింది. ఎల్లోరా వైపు వెళుతూ సుమారు ముప్పై మంది కార్యకర్తలతో దౌలతాబాద్ కోట చూడటానికి ఆగారు. రంజాన్ నెల. కోట వాకిట నిండుగా ఉన్న చిన్న చెరువులో దుమ్ము కడుక్కున్నారు. ఒక ముసలాయన అరుస్తూ వచ్చాడు, వీళ్ళు చెరువును మైల చేశారని. జనం పోగయ్యారు, కొట్టినంత పని చేశారు. చివరికి కోటలోకి వదిలారు గానీ, లోపల ఎక్కడా నీళ్ళు ముట్టకుండా చూడటానికి తుపాకి పట్టుకున్న సిపాయిని వెంట పంపారు. మహద్‌లో మనవాళ్ళను ఇంట్లో దాచిందీ ముస్లింలే, స్థలమిచ్చిందీ ముస్లిమే. దౌలతాబాద్‌లో తరిమిందీ ముస్లింలే. రెండూ ఆయన దాచకుండా చెప్పారు, మనమూ రెండూ చెప్పుకోవాలి.

1942 జూలైలో ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. మన ప్రసంగాల్లో ఈ నాలుగేళ్ళ మాట దాదాపు రాదు. కేంద్రం తరఫున సాగునీరు, విద్యుత్తు వ్యవహారాలు ఆ శాఖ కిందే ఉండేవి. 1943లో దామోదర్ నది వరద బెంగాల్‌ను ముంచింది. అమెరికాలోని టెన్నెసీ లోయ పథకాన్ని నమూనాగా తీసుకుని, ఒకే నది మీద వరద నివారణ, సాగునీరు, విద్యుత్తు మూడూ సాధించే ప్రణాళికను ఆయన శాఖ ముందుకు తెచ్చింది. 1948లో చట్టమై వచ్చిన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు మూలం అదే. ఒరిస్సా నదుల గురించి 1945 నవంబరులో కటక్‌లో జరిగిన సమావేశానికి ఆయనే అధ్యక్షుడు. మహానది మీద హిరాకుడ్ ఆలోచన ఆ దారిలోనే సాగింది. ఈనాటి కేంద్ర జలసంఘం కూడా 1945లో ఆయన హయాంలో వేరే పేరుతో పుట్టిందే. కూజా ముట్టనివ్వని మనిషి చేతికి దేశంలోని నదుల పటాలు వచ్చాయి.

రాజ్యాంగం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఒక్క చోటు మాత్రం తెరిచి చూడమంటాను. 15వ అధికరణం రెండో భాగం. 17వ అధికరణం, అంటే అంటరానితనం రద్దు, అందరికీ తెలుసు. దానికి కొంచెం పైనున్న ఈ భాగాన్ని పరీక్షల కోసం చదివి దాటేస్తాం. అందులో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా ఉంటుంది. ప్రభుత్వ డబ్బు కొంతైనా పడిన ఆ చోట్లకు కులం పేరుతో ఎవర్నీ అడ్డుకోకూడదు. ఇంత పెద్ద దేశపు రాజ్యాంగంలో బావి అనే మాట ఎందుకొచ్చిందా అని ఎం.ఎ. మొదటి సంవత్సరంలో నాకు అనుమానం వచ్చింది. బోలే తీర్మానం చదివాక, మహద్ కేసు చదివాక తీరింది. చెరువు ఎవరి డబ్బుతో నడుస్తోందన్న దానిమీద ఏళ్ళ తరబడి కోర్టులు తిరిగినవాడే ముసాయిదా సంఘానికి అధ్యక్షుడు.

1953లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో బౌద్ధం తీసుకున్నారు. డిసెంబరు 6న ఢిల్లీలో నిద్రలోనే కన్నుమూశారు.

మా ఊళ్ళో దిగుడుబావి పూడిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు రెండు ట్యాంకులున్నాయి. ఊళ్ళో ఒకటి, మా వాడలో ఒకటి. మోటారు వేసినప్పుడు మొదట ఊరి ట్యాంకు నిండుతుంది. మాది చివర. కరెంటు మధ్యలో పోతే ఆ రోజుకు మాకు లేనట్టే. ఎవరూ ఎవర్నీ ముట్టుకోవద్దనరు, పైపులే అలా వేశారు. ఎందుకలా వేశారని పోయిన గ్రామసభలో నేనూ మరో ఇద్దరమూ అడిగాం. రాసి ఇవ్వమన్నారు. 15వ అధికరణం పేరు పెట్టి రాసి ఇచ్చాం. ఇంకా జవాబు రాలేదు, ఈ సంచిక అచ్చయ్యేలోపు మళ్ళీ వెళ్ళి అడుగుతాం.

కొలాబా జిల్లాను ఇప్పుడు రాయగడ్ అంటున్నారు. ప్రతి మార్చి 20న జనం మహద్ వచ్చి ఆ చెరువు దగ్గరికి నడుస్తారు. కొంకణ్ రైల్వేలో వీర్ స్టేషన్లో దిగితే దగ్గర. వచ్చే మార్చికి మన హాస్టల్ పాత విద్యార్థులం నలుగురం వెళ్దామని అనుకున్నాం, ఇంకా ఎవరైనా వస్తామంటే ఫిబ్రవరిలోపు చెప్పండి, టికెట్లు తీయాలి. నాయనమ్మకు చెబితే, అక్కడ చెరువులోకి మెట్లు దిగనిస్తారా అని అడిగింది.